వేలు దించేదాకా

ఇరవయ్యారేళ్ళలో చప్పుడు చేయని విమానాన్ని ఇవాళే చూశాను. అద్దం గోడకి అవతల అది మెల్లగా పరిగెత్తి, ముక్కు పైకెత్తి, ఏ పాపం ఎరగనట్టు గాల్లోకి లేచిపోయింది. ఇదేనా రోజూ మా బడి పైకప్పు మీద పడి అరిచేది, ఇదేనా పిల్లల నోటి దగ్గరి మాటని ఎత్తుకుపోయేది, ఎంత బుద్ధిమంతురాలిలా పోయిందో. ప్రతి క్లాసులోనూ ఉంటారు ఇలాంటివాళ్ళు, తనిఖీకి ఎవరైనా వస్తే చాలు చేతులు కట్టుకుని కూర్చుంటారు, వాళ్ళు గుమ్మం దాటగానే పక్కవాడి జుట్టు పట్టుకుంటారు. విమానాశ్రయం వాళ్ళ ఆఫీసులో, మూడో అంతస్తులో, ఇలాంటి హాల్లో కూర్చోబెట్టి మా చప్పుడు గోల వింటారట. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. నా సంచీ జిప్పు తీస్తేనే ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. వీళ్ళు మమ్మల్ని ఎందుకు నమ్మాలి? నేనే వీళ్ళ కుర్చీలో ఉంటే నమ్ముతానా? నమ్మను, పైగా హోంవర్క్ ఎందుకు చేయలేదో చెప్పే పిల్లాణ్ణి చూసినట్టు చూస్తాను.

అలాగే చూస్తోంది కమిటీ అధ్యక్షురాలు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, చూపు దాని మీదుగా వస్తోంది. ఒకప్పుడు టీచరు అయి ఉంటుంది, లేకపోతే ఆ చూపు అబ్బదు. ఆవిడ ముందు ఒక గ్లాసు నీళ్ళు, పక్కన ఒక గుమాస్తా, గుమాస్తా చేతిలో గడియారం, బల్ల మీద చిన్న దీపం. పచ్చగా వెలిగితే మాట్లాడాలి, ఎర్రబడితే ఆపాలి, మనిషికి మూడు నిమిషాలు. మా కాలనీ నుంచి రెండు వరసల నిండా వచ్చాం, నాది ఆఖరి వంతు. మేం అడిగేది ఆకాశంలో చందమామేం కాదు. బడి రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, పిల్లలు చదవడం నేర్చుకునే రెండు గంటలు, విమానాలు మా మీద నుంచి కాకుండా రెండో రన్‌వే నుంచి లేవాలి. అటంతా ఖాళీ బీడు, మేకలు తప్ప చదువుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఇవాళ కాదన్నారంటే ఈ కమిటీ మళ్ళీ మూడేళ్ళ దాకా కూర్చోదు. మూడేళ్ళలో నా ఒకటో తరగతి పిల్లలు నాలుగులోకి వెళ్ళిపోతారు, చదవడం వచ్చినా రాకపోయినా.

ఇందాక విమానాశ్రయం ఇంజనీరు గోడ మీద గ్రాఫు గీతలు చూపించడానికి కిటికీ తెరలన్నీ మూయించాడు, ఇప్పుడు విమానం కనపడను కూడా కనపడదు. మర్యాదస్తుడే, గొంతు మెత్తన. ఏడాది మొత్తం మీద సగటు తీస్తే శబ్దం పరిమితిలోనే ఉందన్నాడు. సగటు! బడికి తాళం వేసి ఉన్నప్పటి నిశ్శబ్దం, ఆదివారాల నిశ్శబ్దం, ఎండాకాలం సెలవుల నిశ్శబ్దం, మా నల్లబల్ల ఒక్కతే కూర్చుని అనుభవించిన ప్రశాంతతంతా అందులో కలిపేశాడు. ఆ లెక్కన ఆదివారం కడుపునిండా తిన్నవాడికి సోమవారం ఆకలి వేయకూడదు. ఈ మాట చెప్పాలా? చెబితే నవ్వుతారు, నవ్వి మర్చిపోతారు. నా కాగితంలో రాసుకున్నదే చెప్పాలి. కాగితం మడత మీద చెమట పట్టి అక్షరాలు అలుక్కుపోయాయి, ఇరవయ్యారేళ్ళు పిల్లల ముందు గొంతు చించుకున్న మనిషికి ఏడుగురు పెద్దవాళ్ళ ముందు నాలుక తడారిపోతోంది, సిగ్గుచేటు.

పక్కన మా ఆయన బూట్లు విప్పేసి హాయిగా కూర్చున్నారు. ఎక్కడికెళ్ళినా ఇంతే, పాదాలు నేలకి ఆనాలి. ముప్పై ఏళ్ళు ఇక్కడే, ఈ కిటికీల కిందే, విమానాల పొట్టల్లోకి సామాన్లు ఎక్కించారు. చెవులకి పెట్టుకోమని డిప్పలు ఇచ్చేవారు, కానీ మేస్త్రీ ఏం చెబుతున్నాడో వినాలంటే ఒక డిప్ప ఎత్తాలి కదా, ఎప్పుడూ ఎడమదే ఎత్తేవారు, ముందు ఆ చెవి పోయింది, ఒంటరిగా ఎందుకని రెండోది కూడా వెనకే వెళ్ళింది. రిటైరైన మర్నాడు కుర్చీలో వాలి, ఇల్లేంటే ఇంత ప్రశాంతంగా ఉంది అన్నారు. అప్పుడు సరిగ్గా మా నెత్తిమీద విమానం పోతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనేవాళ్ళు ఒకసారి మా ఇంటికి రావాలి, ఈయన శంఖాన్ని పాదాలతో వింటారు. ఏ విమానం, ఎంత బరువు, ఎటు లేస్తోంది, అన్నీ నేలే చెబుతుంది ఆయనకి. వెంటనే కుడిచేతి చూపుడు వేలు పైకి లేస్తుంది. అంటే విమానం వస్తోంది, ఆగు. వేలు దించారంటే పోయింది, చెప్పు. పొద్దున బస్సులో కూడా అన్నారు, "విమానాన్ని తిట్టకే. మనకి అన్నం పెట్టింది అది" అని. కూర్చున్న కొమ్మని నరుక్కుంటున్నామని మీ పాత స్నేహితులు అంటారేమో అన్నాను, పెదాలు కనపడేట్టు మెల్లగా. "నరకొద్దు. కాస్త పక్కకి వంచమను చాలు" అన్నారు. ఈ మాటే మైకు ముందు చెప్పమంటే ఈయన చెప్పరు, ఎదుటివాళ్ళు అడిగేది వినపడదని మొహమాటం.

అసలు ఆ వేలితోనే కదా నాకు పెళ్ళయింది. కొత్తగా ఉద్యోగంలో చేరి మేడమీద గది అద్దెకి తీసుకున్న రోజుల్లో, పెట్టెలు మోయడం అలవాటున్న మనిషని ఇంటివాళ్ళు నా ట్రంకుపెట్టె ఈయన చేత పైకి ఎక్కించారు. మూడో నెల డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వచ్చి, "మీకు అభ్యంతరం లేకపోతే మనిద్దరం..." అన్నారు, వేలు పైకి లేచింది, విమానం వచ్చింది, తీగ మీద బట్టలన్నీ వణికాయి. ఈయన నోరు సగం తెరిచి అలాగే నిలబడ్డారు. ఇరవై రెండు సెకన్లు. అప్పటికి ఆ చెవులు రెండూ బాగానే ఉన్నాయి, కందగడ్డల్లా ఎర్రబడి ఉన్నాయి, చొక్కాకి పైనుంచి రెండో గుండీ లేదు, ఆ వేలి గోరు ఏ పెట్టె కింద నలిగిందో నల్లగా ఉంది, ఇవన్నీ చూసేంత తీరిక దొరికింది నాకు. వేలు దించేలోపు సరే అనేశాను. ఆ రొదలో ఆయనకి వినపడలేదు. పాపం వాక్యం మొత్తం పూర్తి చేశారు, నేను మళ్ళీ మొదటినుంచి సిగ్గుపడాల్సి వచ్చింది.

మా వీధిలో అందరూ అంతే. మాట మధ్యలో ఆగుతారు, విమానం పోగానే ఆగిన అక్షరం దగ్గరే అందుకుంటారు. విమానాలకి పేర్లు కూడా ఉన్నాయి. తెల్లవారకముందే వచ్చేది పాలవాడు, వేళాపాళా లేకుండా దిగేది అత్తగారు, పది నలభైకి లేచే అన్నిటికన్నా పెద్దది ఏనుగు. ఒకసారి మా దర్జీ కోపంతో ఊగిపోతూ ఒకావిడతో "నీ మొహానికి..." అన్నాడు, ఏనుగు వచ్చింది, అది పోయేసరికి కోపం చల్లారి "...ఈ రంగు నప్పదమ్మా" అని ముగించాడు. ఇలాంటివి చెప్పుకుని వీధి వీధంతా నవ్వుకుంటాం. నవ్వుకోవడం వచ్చు కాబట్టే ఇన్నేళ్ళు అడగకుండా ఊరుకున్నామేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

దర్జీ మాట్లాడి కూర్చున్నాడు. నర్సు లేచింది, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోలేని సంగతి చెబుతోంది, పాపం గొంతు బొంగురుపోయింది. ఆవిడ కూతురే నేను చిట్టెలుక అని పిలిచే పిల్ల, నా క్లాసులో ముందు బెంచీ. పెద్ద చెవులు, చిన్న మొహం, ముందు రెండు పళ్ళు ఊడి ఒకటే వచ్చింది. ఆ పిల్ల సంగతి మాత్రం ఈ కాగితంలో రాయలేదు, రాస్తే నా సంగతి కూడా రాయాలి. ఎంతమందిని మొద్దులన్నాను! పైకి అనలేదు, ప్రోగ్రెస్ కార్డు మీద నెమ్మదిగా నేర్చుకుంటున్నాడు, శ్రద్ధ తక్కువ, ముక్కలు ముక్కలుగా చదువుతోంది, అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. తల్లిదండ్రుల్ని పిలిపించి తలదించుకునేలా చేశాను. పోయిన నెల దాకా నాకు తట్టనే లేదు. అవతలి ఊళ్ళో, విమానాలు పోని చోట, బళ్ళ మధ్య కథ చదివే పోటీ పెట్టారు, చిట్టెలుకని తీసుకెళ్ళాను. పీత కథ. నెలరోజులు రోజూ మా క్లాసులో ఒకే వేళకి చదివించాను, కంఠతా వచ్చేసింది. వేదిక మీద గడగడా చదువుతోంది, నా గుండె ఉప్పొంగిపోతోంది, "పీత గుంటలోంచి కళ్ళు బయటికి పెట్టి" అని ఆగిపోయింది. వేలు పైకెత్తింది. పైకప్పు వైపు చూస్తూ నిలబడింది. జడ్జీలు పాపం మర్చిపోయిందనుకుని తర్వాతి మాట అందించారు, ఈ పిల్ల కోపంగా తల అడ్డంగా ఊపింది, ఆగాలని తెలియదా మీకు అన్నట్టు. ఇక చాలని గంట కొట్టేశారు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి చూస్తూ అడిగింది, "టీచర్, వాళ్ళకి ఏనుగు రాదా?" అని. రాదమ్మా అన్నాను. "మరి వాళ్ళు కథలో ఎక్కడ ఆగుతారు?" ఆగరు తల్లీ. తర్వాత మెల్లగా, ఎవరో అందమైన ఇల్లు చూపించినట్టు, "అయితే కథ మొత్తం ఒకేసారి చదివేసుకుంటారా?" అంది. అప్పుడు తెలిసింది నాకు. రోజూ సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఏనుగు వచ్చేది, రోజూ అక్కడే నేను వేలెత్తేదాన్ని, ఆ ఆగడం కూడా కథలో భాగమే అనుకుంది పిల్ల. అది మర్చిపోలేదు, ముక్కలు చేయలేదు, నేను నేర్పింది నేర్పినట్టు చదివింది. ఎంతమంది పిల్లలకి అక్షరాలతో పాటు ఆగడం కూడా నేర్పి, ఆగారని మార్కులు తీసేశానో.

పక్కన వేలు లేచింది. ఈయన పాదాల కింద ఏదో చిన్నది పోతోంది కాబోలు. చెయ్యి పట్టుకుని దించాను, ఇక్కడ వినపడదండీ, ఊరుకోండి అన్నాను. "ఏంటీ?" అన్నారు, విమానం కింద నిలబడి అడిగినంత గట్టిగా. హాలు హాలంతా తిరిగింది, గుమాస్తా గడియారం జారవిడిచినంత పనిచేశాడు. నర్సు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది, అధ్యక్షురాలు కూడా నవ్వు ఆపుకుంటూ మూతి బిగించింది. అంతలోనే పిలిచారు. "ఒకటో తరగతి టీచర్ గారు."

లేచాను. మైకు నా ఎత్తుకి లేదు, వంచితే కీచుమంది. మైకు బల్ల పక్కనే ఉంది కాబట్టి ఒకవైపు కమిటీ, ఇంకోవైపు మా రెండు వరసలు, మూడో కుర్చీలో ఈయన, వెనక గోడ మీద గడియారం పదీ ముప్పై ఏడు దాటి చూపిస్తోంది. దీపం పచ్చబడింది. కాగితం విప్పాను, శబ్ద తీవ్రత అనే మాట దగ్గర అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, ఎలాగూ ఆ మాట నాది కాదు. కాగితం మడిచేశాను. చిట్టెలుక సంగతి చెప్పడం మొదలుపెట్టాను. పోటీ, పీత కథ, ఎత్తిన వేలు, కొట్టిన గంట. నర్సుకి ఈ కథ తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు, పిల్ల మర్చిపోయిందన్నానంతే. ఆవిడ మొహం వైపు చూడకుండా ప్రోగ్రెస్ కార్డు మీద నేను రాసినవి కూడా చెప్పేశాను. తప్పు నాదని చెప్పేశాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, అరవకుండా వస్తోంది, ఇక్కడ అరవక్కర్లేదని ఇప్పుడే తెలిసినట్టు. ఇక మిగిలింది ఒక్క వాక్యం, అసలు వాక్యం, దానికోసమే కదా ఇంతదూరం వచ్చాం. "మేం అడిగేది ఒక్కటేనండీ, బడి రోజుల్లో పొద్దున..."

వేలు లేచింది.

నేను ఆపలేదు, నోరే ఆగింది. ఏనుగు. ఆయన వేలు నిటారుగా, మొహంలో ఏ అనుమానమూ లేకుండా, ముప్పై ఏళ్ళ అనుభవంతో. దించండి అని కళ్ళతో అరుస్తున్నాను, నోరు మాత్రం సగం తెరిచి అలాగే ఉంది, మాట్లాడవే పిచ్చిదానా, ఇక్కడ చప్పుడు లేదు, దీపం ఇంకా పచ్చగానే ఉంది, వాక్యం సగంలో ఉంది, మాట్లాడు. రాదు. పెదాలు కదలవు. నాతో పాటే రెండు వరసలూ ఆగిపోయాయి. దర్జీ చేతిలో నీళ్ళసీసా మూతి దాకా వచ్చి ఆగింది. నర్సు చేతిరుమాలు ముక్కు దగ్గర ఆగింది. వెనక ఎవరిదో దగ్గు సగంలో ఆగింది. అందరి కళ్ళూ పైకప్పు మీద. చప్పుడు లేని హాల్లో, మూసిన తెరల మధ్య, రెండు వరసల మనుషులం ఊపిరి బిగబట్టి దేనికోసమో ఆగి ఉన్నాం. ఇంజనీరు మైకు చెడిపోయిందనుకుని వైరు వైపు చూశాడు. అధ్యక్షురాలు మా వైపు చూసి, పైకి చూసి, తర్వాత తన ముందున్న గ్లాసు వైపు చూసింది. నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆవిడ గ్లాసు అంచు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

ఈయన వేలు దించారు. "...తొమ్మిది" అన్నాను. దీపం ఎర్రబడింది.

"టైమ్ అయిపోయిందండీ" అన్నాడు గుమాస్తా. అయిపోయింది. అలవాటులో పొరపాటు, ఆరేళ్ళ పిల్ల చేసిన పొరపాటే యాభై నాలుగేళ్ళ దాన్ని నేను కూడా చేశాను, దానికి గంట కొట్టారు, నాకు దీపం. తలదించుకుని వెనక్కి తిరిగాను.

"టీచర్ గారూ, ఒక్క నిమిషం" అంది అధ్యక్షురాలు. "మధ్యలో ఎందుకు ఆగారు?"

"విమానం పోతోందండీ."

"మాకేం వినపడలేదే."

"మాకూ వినపడలేదండీ" అన్నాను.

దర్జీ సీసా మెల్లగా కిందకి దించాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి గుమాస్తాని అడిగింది, ఎంతసేపు ఆగారని. ఇరవై రెండు సెకన్లట. "అవి ఆవిడకి తిరిగి ఇచ్చెయ్యండి" అంది. గుమాస్తా ఇబ్బందిగా కదిలి, "అలా ఇవ్వడానికి రూల్ లేదు మేడమ్" అన్నాడు. "మాట్లాడని సమయాన్ని మాట్లాడినట్టు రాయడానికి మాత్రం ఉందా?" అంది. దీపం మళ్ళీ పచ్చబడింది.

ఏడుపు వచ్చింది, దాచుకోను. ఇరవయ్యారేళ్ళలో విమానం పట్టుకుపోయిన సమయాన్ని ఒక మనిషి తిరిగి తెచ్చి చేతిలో పెట్టడం ఇదే మొదటిసారి. "తొమ్మిది నుంచి పదకొండు దాకా రెండో రన్‌వే వాడండి" అని మొత్తం చెప్పాను. ఇంకా సమయం మిగిలింది. మిగిలిన సమయంతో ఏం చేయాలో మా వీధివాళ్ళకి తెలియదు కదా, అందుకని నోటికొచ్చింది చెప్పేశాను, పీత గుంటలోంచి కళ్ళు బయటికి పెట్టి అల పోయిందా లేదా అని చూసుకుని పక్కపక్కగా నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఒక్క ఊపిరిలో. చాలా చిన్న వాక్యం, తీరా చూస్తే. ఇది మా క్లాసులో ఇంతవరకూ ఎవరూ ఇలా వినలేదండీ అని, దీపం ఎర్రబడకముందే వచ్చి కూర్చున్నాను. నర్సు నా వైపు చూస్తుందో లేదో అని భయపడ్డాను. చూసింది, నా చేతిమీద చెయ్యి వేసింది.

బల్ల దగ్గర తలలు దగ్గరికి చేరాయి. రెండో రన్‌వే దాకా వెళ్ళాలంటే విమానం ఆరేడు నిమిషాలు ఎక్కువ తిరగాలి అంటున్నాడు ఇంజనీరు. విమానాలు ఆరేడు నిమిషాలు ఆగలేవా అని ఆవిడ. అతను తల తిప్పి మా వరసలు చూశాడు, ముఖ్యంగా మా ఆయన్ని, బూట్లు లేని ఆ పాదాల్ని. "ఆగగలవండీ" అన్నాడు. ఇంకా ఏవో గుసగుసలు, ఎవరో వద్దంటున్నారు, ఎవరో సరే అంటున్నారు, చివరికి ఆవిడ చదివింది: సోమవారం నుంచి, పది నుంచి పదకొండు దాకా, ఈ బడి సంవత్సరం పూర్తయ్యేవరకు, తర్వాత మళ్ళీ చూద్దాం అని. అడిగింది రెండు గంటలు, ఇచ్చింది ఒకటి. తొమ్మిది గంటల అక్షరాలు ఎప్పట్లాగే గాలికి పోతాయి. పోనీ. ఏనుగు పది నలభైకి కదా, ఏనుగు పక్కకి తప్పుకుంది, కథ మొత్తం చదువుకోవచ్చు. సోమవారం చిట్టెలుక నిలబడుతుంది, పుస్తకం తెరుస్తుంది, ఆ వాక్యం దాకా వస్తుంది, వచ్చి మళ్ళీ ఆగుతుంది. ఆగుతుంది, నాకు తెలుసు. నేనే ఆగాను, అదెంత. ఆగకుండా ఉండడం ఇప్పుడు నేర్పాలి, ముందు నేను నేర్చుకోవాలి.

"ఏమన్నారే?" అన్నారు మా ఆయన, హాలంతా వినేట్టు. ఆయన వైపు తిరిగి, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాను. పదికి, సోమవారం, ఒక గంట. అర్థమైంది. కాసేపు తన వేలి వైపు చూసుకున్నారు, పెట్టెలు మోసి మోసి వంకర తిరిగిన వేలు. "మరి దీంతో ఏం పని ఇక ఆ గంటసేపు?" అన్నారు. సోమవారం క్లాసుకి రండి, పిల్ల చదువుతుంటే పుస్తకంలో అక్షరాల వరస కింద ఈ వేలు పెట్టి జరుపుతూ ఉండండి అన్నాను. "నాకు వినపడదుగా, పిల్ల ఆగితే నాకెలా తెలుస్తుంది?" తెలియకపోవడమే మంచిదండీ, మీరు మాత్రం వేలు ఆపకండి. అర్థం కానట్టు చూశారు. నా ఒళ్ళోని కాగితం విప్పి ఒక వరస చూపించాను. వేలు దాని కింద ఆనించి జరపడం మొదలుపెట్టారు. సగం దాకా వచ్చేసరికి కింద ఆయన పాదాలు కదిలాయి, కాలివేళ్ళు ముడుచుకున్నాయి, ఎక్కడో ఏదో లేస్తోందన్నమాట. వేలు వణికింది, కానీ పైకి లేవలేదు, వరస చివరిదాకా వెళ్ళింది.